ఉప్పులో ఎన్ని గంటలు?

ఖతర్‌లో మెసయీద్ అనే చోట ఉన్న కొరియా కంపెనీ క్యాంపు మెస్సుకి ఒక కట్టుబాటు ఉంది. దాన్ని ఎక్కడా రాసిపెట్టలేదు. వంటింటి హెల్పర్లు కొరియావాళ్ళ కూడు వండొచ్చు. ఉప్పూ కారం కుదిరాయో లేదో చూపుడువేలి కొసతో నాకి చూడొచ్చు. పళ్ళెంలో పెట్టుకుని తినడానికి మాత్రం లేదు. హెల్పర్ల తిండి వెనక రేకుల షెడ్డులో, పప్పూ అన్నమూ. రెండేళ్ళ కిందట జలంధర్ అనే హెల్పరు చల్లగది చాటున నిలబడి ఒక గిన్నెడు కిమ్చి తిన్నాడని వారం తిరక్కుండా విమానం ఎక్కించారు. గిన్నెడు క్యాబేజీ ఊరగాయకి ఒక మనిషి కొలువు పోయింది. అందరూ చూశారు, ఎవరూ నోరెత్తలేదు. తోటి హెల్పరు ఓబులయ్య కూడా ఎత్తలేదు.

ఆ కిమ్చి వేసింది ఓబులయ్యే.

కాగితాల్లో అది చోయ్ సారు చేతి కిమ్చి. చోయ్ సారు అసలు వంటవాడు, బూసాన్ ఊరివాడు, అరవైకి దగ్గర్లో ఉన్నాడు. వేళ్ళ కణుపులు వాచిపోయి మూడేళ్ళుగా ఆయన ఉప్పునీళ్ళలో చెయ్యి పెట్టలేదు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని సిగరెట్టు కాలుస్తూ కూర్చుంటాడు. పొడుగు క్యాబేజీని నిలువునా చీల్చడం, రెక్క రెక్కకీ రాళ్ళ ఉప్పు పట్టించడం, గంజి కాచి కారం కలపడం, ఒక్కో రెక్క మధ్యా ముద్ద కూరడం, అన్నీ ఓబులయ్య చేతులే. ఓడలో వచ్చే క్యాబేజీ బూసాన్ క్యాబేజీ కాదని, రాత్రంతా ఉప్పులో నానబెడితే ఇక్కడ పీచైపోతుందని కనిపెట్టింది ఓబులయ్య. వేసవిలో కుళాయి నీళ్ళు వేడెక్కి వస్తాయి కనుక తొట్టిలో ఐసు వెయ్యాలన్నది కూడా ఓబులయ్యే. కొరియా కారం సంచులు అయిపోయినప్పుడు ఎండుమిరపకాయల గింజలు దులిపి, పలుకు పలుకుగా దంచి, ఇంజినీర్లెవరూ తేడా పట్టలేకుండా చేసిందీ అతనే. కడప జిల్లాలో పుట్టినవాడికి మిరపకాయ గురించి ఎవరో చెప్పాలా?

ప్రతిసారీ కుర్చీలోంచి చోయ్ సారు అడిగేవాడు. "ఓబుల్, మ్యొత్ షిగాన్?" ఎన్ని గంటలు అని. ఓబులయ్య ఒక రెక్క తీసి తెల్లటి కాడని వంచి చూసేవాడు. పుటుక్కుమంటే ఇంకా కాలేదు. వేలికి చుట్టుకుంటే అయినట్టు. "టూ అవర్ సార్," "ఫినిష్ సార్," అనేవాడు. ఆయన తలూపేవాడు. మూడేళ్ళుగా ఇదే వరస.

కంపెనీ పని ఇంకో నెలలో ముగుస్తుంది. హెల్పర్లందర్నీ ఇంటికి పంపేస్తారు. దోహాలో అల్ దోహా అల్ జదీదా అనే పేటలో కాంగ్ అనే ఆయన కొరియా హోటలు తెరుస్తున్నాడనీ, కిమ్చి వేసే వంటవాడు కావాలంటున్నాడనీ, హాన్ అనే కుర్ర ఇంజినీరు ఓబులయ్య చెవిన వేశాడు. "నీది పట్టుకెళ్ళి రుచి చూపించు. మాటలు అక్కర్లేదు," అన్నాడు. ఓబులయ్యకి ఆ రోజు నుంచీ నిద్రలో కూడా ఒకటే ధ్యాస. వీసా కాగితం మీద హెల్పర్ అన్న మాట పోయి కుక్ అన్న మాట పడాలి. అయిదేళ్ళ చాకిరీకి అతను కోరుకున్నది ఆ ఒక్క మాట.

చోయ్ సారుని ఒక క్యాబేజీ అడిగాడు, దోహాలో స్నేహితుడికి రుచి చూపించాలని. "తీసుకో, తీసుకో," అన్నాడాయన చెయ్యూపి. హోటలు సంగతి మాత్రం ఓబులయ్య చెప్పలేదు. పని కుదిరాక చెబుదామనుకున్నాడు. అది దాపరికమే. తర్వాత చాలాసార్లు ఆ మాట అతనికి గుచ్చుకుంది కూడా.

శుక్రవారం పొద్దున కంపెనీ బస్సు దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో దింపేసరికి ఇమామ్ ఎదురుచూస్తున్నాడు. ఇమామ్‌ది రాయచోటి, ఖతరీ ఇంట్లో డ్రైవరు. ఇంటిల్లిపాదీ చుట్టాలింటికి వెళ్ళారు కనుక సాయంత్రం దాకా సెలవు దొరికింది. చేతిలో టిఫిన్ క్యారియరు ఉంది. ఓబులయ్య చంకలో, రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టిన పాలపొడి డబ్బా.

"ఏంప్పా ఓబులన్నా, అదేనా నీ కొరియా ఊరగాయ? సంచిలోంచే ఘాటు కొడతాండాది!"

"కొట్టనీలే. నువ్వు అన్నం తెచ్చినావా?"

"తెచ్చినా. ఇప్పుడే తిందామా?"

"ఇప్పుడు గాదు. అది కడాకు. ముందు మనం బూసాన్ మాదిరి తిరగల్ల."

బూసాన్ మాదిరి తిరగడమంటే ఏమిటో ఓబులయ్య దారిపొడుగునా వివరించాడు. చోయ్ సారు వందసార్లు చెప్పిన కథ అది. సెలవునాడు బూసాన్‌లో మనిషన్నవాడు ఒకచోట కూర్చుని కడుపు నింపుకోడు. పొద్దున్నే బయల్దేరి ఒక బండి దగ్గర ఒక ముక్క, ఇంకో కొట్లో ఒక గుక్క, సందు తిరిగి ఇంకో ముద్ద, అట్లా సాయంత్రం దాకా నడుస్తూ తింటాడు. నచ్చినచోట కూర్చుంటాడు. ఎవరూ లెమ్మనరు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు చోయ్ సారు కళ్ళు మూసుకునేవాడు. ఓబులయ్యకీ ఆ చివరి మాటే నచ్చింది.

మొదటి మజిలీ మలయాళీ టీకొట్టు. బెంచీ మీద చోటు దొరికింది. పెనం మీద పరాటాని రెండు చేతులతో చరిచి పొరలు విడగొడుతున్న మనిషిని ఓబులయ్య రెప్పవెయ్యకుండా చూశాడు. పనివాడి చేతులు ఎక్కడ కనబడినా అతను ఆగిపోతాడు. ఒక పరాటా తెప్పించి సగానికి చించాడు.

"సగమేనా? పెండ్లికి పిలిచి పానకం ఇచ్చినట్టుండాది," అన్నాడు ఇమామ్.

"కడుపులో చోటు పెట్టుకోప్పా. ఇంగా శానా ఉండాది."

సూక్‌లో, అంటే పాత బజారులో, ఇరానీవాడి పొయ్యి దగ్గర రొట్టె కోసం వరసలో నిలబడ్డారు. వాడు పిండిని దిండు మీద పరిచి పొయ్యి గోడకి చరిచి, కొక్కెంతో లాగి పడేస్తుంటే పై నువ్వులు చిటపటలాడుతున్నాయి. వేళ్ళు కాలుతుంటే చేతులు మార్చుకుంటూ నడిచారు. అక్కణ్ణుంచి ఒక సింహళ కొట్లో చేప కూరి చుట్టిన రోల్. ఇమామ్ నమాజుకి వెళితే ఓబులయ్య మసీదు బయట నీడలో క్యారియరూ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ ఇంకా ముదరలేదు. మార్చి గాలికి చొక్కా ఎగురుతోంది. అయిదేళ్ళలో, ఫలానా టైముకి ఫలానాచోట ఉండాలన్న గుబులు లేకుండా అతను కూర్చున్న మొదటి పగలు అది. ఒక ముసలి పఠాను వచ్చి పక్కన కూర్చుని సలాం చెప్పాడు, ఖర్జూరం ఒకటి చేతిలో పెట్టాడు. అదీ ఒక మజిలీ కిందే జమకట్టుకున్నాడు ఓబులయ్య.

నమాజయ్యాక లెబనానువాడి కొట్లో ఫలాఫెల్. "ఇది మన మసాలావడ గదప్పా, పేరు మార్చుకున్యాది!" అని ఇమామ్ గట్టిగా అనేసరికి కొట్టువాడు కూడా నవ్వాడు. తర్వాత గాజు గ్లాసుల్లో సులైమానీ, పాలు లేని టీ. గ్లాసు అడుగున పుదీనా ఆకు.

"ఓబులన్నా, అయిదేండ్లు ఆడ పనిచేసినావు గదా, నీ ఊరగాయ నువ్వు ఎప్పుడూ తిన్లేదా?"

"వేలికి అంటిందే. అన్నంలో కలుపుకొని తిన్లేదు."

"ఈ డబ్బాలోది తినుండచ్చు గదా, రాత్రే?"

"దొంగమాదిరి ఆ రూములో నిలబడుకోని యాల తినల్ల? ఈ పొద్దు పని కుదిరినాక, కార్నిష్‌లో సముద్రం ముందర కూసోని, నీ అన్నంలోకి కలుపుకొని తింటా. అది మన కడా మజిలీ."

ఇమామ్ క్యారియరు మూత బిగించాడు.

కాంగ్ గారి హోటలు ఇంకా తెరవలేదు. లోపల కొత్త రంగు వాసన. గోడ మీద బూసాన్ రేవు ఫొటో పెద్దది. ఆ ఫొటో చూడగానే ఓబులయ్య మొహం విప్పారింది, తెలిసినవాళ్ళింటికి వచ్చినట్టు. ఇమామ్‌ని బయట ఉండమని చెప్పి, చొక్కా గుండీ సరిచేసుకుని లోపలికి వెళ్ళాడు. కాంగ్ సన్నటి మనిషి, తెల్ల చొక్కా. విషయం విన్నాడు, నవ్వాడు. ఇండియా మనిషి కిమ్చి వేస్తాడట! సరదాకన్నట్టు డబ్బా మూత తీసి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

నవ్వు ఆగిపోయింది. ఇంకో ముక్క తీశాడు. తర్వాత కూర్చుని మూడో ముక్క తిన్నాడు. మెల్లగా నమిలాడు. ఆయన కంట్లో తడి ఓబులయ్యకి కనబడింది. అంతే, పని అయిపోయిందనుకున్నాడు.

"ఇది ఎవరు చేశారు?" అన్నాడు కాంగ్ ఇంగ్లీషులో.

"మై సార్. ఓబులయ్య."

"లేదు. నిజం చెప్పు. ఇది కొరియా చెయ్యి. ముసలి చెయ్యి."

ఓబులయ్య తన రెండు చేతులూ చాచి చూపించాడు. ఉప్పుకి తెల్లగా పగిలిన వేళ్ళు, గోళ్ళ చివర ఎన్నటికీ పోని కారం ఎరుపు. కాంగ్ వాటిని చూడలేదు. అక్కడే ఉన్న సాక్ష్యాన్ని చూడకుండా ఫోను అందుకున్నాడు. మెసయీద్ క్యాంపు మెస్సుకి కలిపాడు.

అయిదేళ్ళలో ఓబులయ్యకి కొరియా మాటలు ఓ వంద దాకా పట్టుబడ్డాయి. వంటింట్లో తిరిగే మాటలు. ఉప్పు, నీళ్ళు, తొందరగా, బాగుంది, నేను, నువ్వు, వేశాను. ఫోనులోంచి చోయ్ సారు గొంతు సన్నగా వినబడుతోంది. కాంగ్ ఏదో అడిగాడు. అవతల చాలాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఓబులయ్య ధైర్యంగానే నిలబడ్డాడు. అంత మంచి మనిషి, బూసాన్ కథలు చెప్పిన మనిషి, ఏమంటాడు? తర్వాత రెండు మాటలు వినబడ్డాయి. నేను. వేశాను.

నేనే వేశాను.

కాంగ్ ఫోను పెట్టేసి, చేతులు కట్టుకుని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పాడు. దొంగతనం తప్పు. క్యాంపు వంటింట్లోంచి ఒకరి సొత్తు తెచ్చి తనదని చెప్పడం ఇంకా తప్పు. పోలీసులకి చెప్పొచ్చు, కానీ చోయ్ గారు పెద్దమనసుతో వదిలెయ్యమన్నారు. వెళ్ళు.

"సార్, చోయ్ సార్ గివ్ క్యాబేజ్. ఐ మేక్..."

"వెళ్ళు."

ఓబులయ్య డబ్బా కోసం చెయ్యి చాచాడు. కాంగ్ దాన్ని వెనక్కి జరిపాడు. మూత పెట్టి, ఫ్రిజ్ తలుపు తీసి లోపల పెట్టుకున్నాడు. తిన్న నోటితోనే దొంగసొత్తని తిట్టి, ఆ దొంగసొత్తునే తన ఫ్రిజ్‌లో దాచుకున్నాడు! అందులో తప్పేమీ ఆయనకి కనబడలేదు. అట్లాంటివి కనబడకుండా ఉండటానికి కూడా కొంత సాధన కావాలి.

కార్నిష్ గట్టు మీద కూర్చున్నాక ఓబులయ్య జరిగిందంతా చెప్పాడు. విన్న ఇమామ్ అంతెత్తున లేచాడు.

"డబ్బా యాల ఇడిసిపెట్టి వొచ్చినావు? అది నీ డబ్బా! పా, ఇప్పుడే పోదాం. వాని ఫ్రిజ్జు పగలగొట్టయినా తెస్తా!"

"కూసో ఇమామూ."

"ఆ ముసిలోడు, నీ చేతి కూడు తిని..."

"కూసోప్పా. అన్నం తీయి."

అన్నం చల్లారిపోయింది. క్యారియరు అడుగు గిన్నెలో ఒక ఉల్లిపాయ ఉంది. పిడికిలితో చితక్కొట్టి, ఉప్పు లేకుండానే ఇద్దరూ తిన్నారు. గట్టు మీద పిల్లలు పరుగెడుతున్నారు, సముద్రం మీద ఎండ తళతళలాడుతోంది. రోజంతా ఎంత బాగా గడిచింది! ఓబులయ్యకి ఏడుపు రాలేదు. దొంగ అన్న మాటకన్నా, ఫోనులో ఆ నిశ్శబ్దమే అతన్ని ఎక్కువ కాల్చింది. ఆలోచించి మరీ అబద్ధం ఆడాడు కదా ఆయన.

శనివారం పొద్దున మెస్సులో చోయ్ సారు మొహం తిప్పుకుని తిరిగాడు. ఓబులయ్య ఉల్లిపాయలు తరిగాడు, తొట్లు కడిగాడు, నేల తుడిచాడు. మధ్యాహ్నం కాంగ్ గారి వ్యాను వచ్చింది. వంద క్యాబేజీలు దిగాయి. హోటలు తెరిచేనాటికి కిమ్చి కావాలట. చోయ్ గారు పెద్ద వంటవాడిగా వస్తున్నారట. ఈ మొదటి విడత ఇక్కడి తొట్లలోనే వేసి పంపుతారట.

వ్యాను వెళ్ళాక చోయ్ సారు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. జేబులోంచి సిగరెట్టు తీసి, వెలిగించకుండా మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఓబుల్, ఐ ఓల్డ్. బూసాన్ గో, నో జాబ్. యూ కమ్ దోహా. సేమ్ సేమ్. మై హెల్పర్."

అదీ ఆయన చేస్తున్న పరిహారం. చెయ్యి ఓబులయ్యది, పేరు ఆయనది, మళ్ళీ కొత్తచోట మొదట్నించీ. ఓబులయ్య ఆయన వాచిన కణుపులకేసి చూశాడు. జాలి పడబోయాడు. ఆ జాలికి కోపం అడ్డొచ్చింది.

"ఓకే సార్," అన్నాడు. "హెల్పర్ వర్క్."

ఆదివారం తెల్లవారి అయిదుకల్లా క్యాబేజీలన్నీ నిలువునా చీల్చి, కడిగి, బల్ల మీద వరసగా పేర్చాడు. రాళ్ళ ఉప్పు మూట విప్పి తొట్టి పక్కన పెట్టాడు. ఐసు తెచ్చాడు. తర్వాత చేతులు తుడుచుకుని చీపురు అందుకున్నాడు.

"ఓబుల్! సాల్ట్!"

"నో సార్. ఐ హెల్పర్. కటింగ్, వాషింగ్, క్లీనింగ్. కాంట్రాక్ట్ పేపర్ సీ సార్."

నిజంగానే కాంట్రాక్టు కాగితం మీద ఉన్నవి ఆ మూడే. అయిదేళ్ళుగా ఎవరూ ఆ కాగితం చదవలేదు. చోయ్ సారు చొక్కా చేతులు మడిచి ఉప్పులో చెయ్యి పెట్టాడు. మొదటి క్యాబేజీకే పెదవి కొరుక్కున్నాడు. వాచిన వేళ్ళు రెక్కల మధ్యకి దూరడం లేదు. కొన్నిటికి దోసిళ్ళకొద్దీ పడింది, కొన్నిటికి తగల్లేదు. ఓబులయ్య నేల తుడుస్తూ అన్నీ చూశాడు. చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో అతనికి ఆ పూట తెలిసింది. పాడైపోతున్న కూడును చూస్తే లాగేసుకుని సరిచెయ్యాలని చేతులు కొట్టుకున్నాయి. చీపురు కర్రని గట్టిగా పట్టుకున్నాడు. ఆరింటికి క్యాబేజీలు నీళ్ళలోకి దిగాయి.

పదింటికి కాంగ్ వచ్చాడు. చేతిలో ఓబులయ్య పాలపొడి డబ్బా ఉంది. కడిగి, తుడిచి, ఖాళీగా ఉంది. ముందుగా ఇందులోకి కొంచెం పాత కిమ్చి పెట్టించుకుందామని తెచ్చాడట. హాన్ ఇంజినీరూ మరో ఇద్దరూ తొట్టి చుట్టూ మూగారు. తొట్టిని చూసి కాంగ్ సంతోషించాడు.

"ఎప్పటికి అవుతుంది?" అని అడిగాడు.

చోయ్ సారు ఒక రెక్క పైకి తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. నొప్పులతో నలిగిపోయి ఉన్నాడు, పొద్దున్నుంచీ కూర్చోలేదు. మూడేళ్ళుగా అలవాటైన మెడ, దానంతటదే చీపురు పట్టుకున్న ఓబులయ్య వైపు తిరిగింది. మూడేళ్ళుగా అలవాటైన నోరు, దానంతటదే అడిగింది.

"ఓబుల్, మ్యొత్ షిగాన్?"

అడిగిన తర్వాత గానీ ఆయనకి తెలియలేదు అడిగానని. చేతిలో రెక్క అట్లాగే ఉండిపోయింది. హాన్ నేలకేసి చూశాడు. కాంగ్ ముందు చోయ్‌ని చూశాడు, తర్వాత ఓబులయ్యని, చివరికి ఓబులయ్య చేతుల్ని చూశాడు. శుక్రవారం చూడాల్సినవాటిని ఆదివారం చూశాడు.

ఓబులయ్య చీపురు గోడకి ఆనించాడు.

"దొంగకేం తెలుస్తాది సార్?" అన్నాడు, అచ్చమైన కడప తెలుగులో. అక్కడ ఒక్కరికీ ఆ భాష రాదు. అర్థం కానివాళ్ళు కూడా ఎవరూ లేరు.

కాంగ్ చోయ్ చేతిలోంచి రెక్క తీసుకుని ఓబులయ్య ముందుకి చాచాడు. ఓబులయ్య దాన్ని అందుకోలేదు. చల్లగదిలోకి వెళ్ళి పాత జాడీలోంచి గిన్నెడు కిమ్చి తీశాడు. పెద్ద గిన్నెలోంచి పళ్ళెం నిండా వేడి అన్నం పెట్టుకున్నాడు. రెండూ పట్టుకుని, వెనక షెడ్డుకి కాదు, మెస్సు హాల్లోకి నడిచాడు. అయిదేళ్ళుగా రోజుకి మూడుసార్లు తుడిచిన బల్ల. అయిదేళ్ళుగా లోపలికి తోసిన కుర్చీలు. అందులో ఒకటి బయటికి లాగి కూర్చున్నాడు. చప్పుడుకి మూల కూర్చున్న ఇద్దరు ఫోర్‌మన్లు తలెత్తారు. జలంధర్ గుర్తొచ్చాడు. ఆ రోజు నోరెత్తనందుకు సిగ్గనిపించింది, వెన్ను ఇంకొంచెం నిటారుగా పెట్టాడు. ఎవరూ లెమ్మనలేదు.

కాంగ్ వెనకే వచ్చి బల్లకి అవతల నిలబడ్డాడు.

"కుక్ పోస్ట్," అన్నాడు. "నీకే. రేపే రా."

"ఫస్ట్ మై డబ్బా సార్."

కాంగ్ డబ్బా బల్ల మీద పెట్టాడు. ఓబులయ్య దాన్ని తన పళ్ళెం పక్కకి జరుపుకున్నాడు.

"నెక్స్ట్ పేపర్. కుక్. మై నేమ్. దెన్ ఐ కమ్."

కాంగ్ జేబులు తడుముకున్నాడు. పెన్ను ఉంది, కాగితం లేదు. హాన్‌ని కాగితానికి పంపి, నిలబడే ఉన్నాడు. ఎదురుగా కుర్చీ ఖాళీగానే ఉంది. కూర్చోమని ఓబులయ్య అనలేదు.

అన్నంలో కిమ్చి కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పులుపు ముందు వచ్చింది, తర్వాత కారం, ఆ వెనక తన మిరపకాయ తీపి. ఉప్పు సరిగ్గా కుదిరింది. ఎవరైనా కంట తడి పెట్టుకోదగ్గ రుచే.

వంటింట్లోంచి చోయ్ సారు గొంతు మళ్ళీ వినబడింది, ఈసారి మెల్లగా, బతిమాలుతున్నట్టు. "ఓబుల్..."

తొట్టిలో క్యాబేజీకి ఇంకా రెండు గంటలు పడుతుంది. ఆ సంగతి ఆ క్యాంపు మొత్తంలో ఒక్క మనిషికే తెలుసు. ఆ మనిషి నింపాదిగా ఇంకో ముద్ద కలుపుకున్నాడు.